వెనక గేర్లు నేనే సరిచేద్దామని కూర్చున్నా, ఇప్పుడు ఏ గేరూ పడట్లేదు

సగంగేరు
ముందు 3, వెనక 8 గేర్ల సైకిల్. నాలుగేళ్ల నుంచి వాడుతున్నా. నెల రోజులుగా వెనక నాలుగు, అయిదు గేర్లలో టకటకమని ఒకటే శబ్దం. చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే డిరెయిలర్ వెనకాల పక్కపక్కనే రెండు చిన్న స్క్రూలు కనబడితే, ఇవే కదా అడ్జస్ట్ చేసేవి అని చెరో అర చుట్టు తిప్పాను. కాస్త తగ్గినట్టు అనిపించింది. ఇంకో అర చుట్టు. అలా అలా రెండు గంటలు గడిచాయి. చివరికి చైన్ పెద్ద పళ్లచక్రం దాటేసి స్పోక్స్‌లోకి పడింది. సైకిల్ తిరగేసి పెట్టి చేత్తో పెడల్ తిప్పుతున్నా కాబట్టి సరిపోయింది, ఎక్కి తొక్కుతుంటే ఏమయ్యేదో.

మళ్లీ అలా పడకూడదని హెచ్ అని రాసున్న స్క్రూని బాగా బిగించా. హెచ్ అంటే హై, అంటే పెద్దది అనుకున్నా. అయినా స్పోక్స్‌లో పడుతూనే ఉంది, పైగా ఇప్పుడు చిన్న పళ్లచక్రం మీదికి చైన్ దిగనే దిగట్లేదు. మొదట ఉన్న టకటక కూడా అలాగే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నట్టూబోల్టూ
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అదే ఇది.

ఎదురుగాలి
ఆ రెండు స్క్రూలూ గేర్లు సరిచేసేవి కావు అన్నా. అవి గోడలు. డిరెయిలర్ ఇటు ఇంతకంటే పోకూడదు, అటు ఇంతకంటే రాకూడదు అని ఆపేవి. మధ్యలో గేర్లలో శబ్దం వస్తే వాటిని ముట్టుకునే పనే లేదు. వైరు మీది తొడుగు, అదే ఔటర్, డిరెయిలర్‌లోకి దూరే చోట చేత్తో తిప్పే చిన్న బిరడా లాంటిది ఉంటుంది, బ్యారెల్ అడ్జస్టర్. మొదట తిప్పాల్సింది అది.

సగంగేరు
అది అందం కోసం పెట్టారనుకున్నా.

గ్రీజుచేతులు
హెచ్ అంటే హై గేర్. హై గేర్ అంటే వేగంగా పోయేది, అంటే వెనక చిన్న పళ్లచక్రం. ఎల్ అంటే లో గేర్, కొండెక్కేటప్పుడు వాడే పెద్ద పళ్లచక్రం. నువ్వు సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకున్నావు. ఎల్ వదులు చేసి స్పోక్స్ వైపు గేటు తీశావు, హెచ్ బిగించి చిన్నదాని వైపు తలుపేశావు. ఇలా పొరపడేది నువ్వొక్కడివే కాదులే, నేనూ మొదట్లో ఇదే చేశా.

ఇప్పుడు స్క్రూలు ముట్టుకున్నావు కాబట్టి మొదటి నుంచీ రావాలి. సాయంత్రం తీరిగ్గా రాస్తా. అప్పటిదాకా తొక్కకు.

ఒంటిపల్లు
అందుకే నేను ఒకటే గేరున్న సైకిల్ తొక్కుతా. ఏ గొడవా ఉండదు.

పాతలివర్
ఒంటిపల్లు గారూ, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం వాళ్లు కూడా మీలాగే అనుకుని డిరెయిలర్‌ని 1937 దాకా రానివ్వలేదు. తర్వాత వాళ్లకీ మోకాళ్లున్నాయని గుర్తొచ్చింది.

ఒంటిపల్లు
😂 మోకాళ్ల సంగతి ఎత్తకండి.

వానసైకిల్
సగంగేరు, ఒక ప్రశ్న. ఆ టకటక గేరు తగ్గించేటప్పుడా పెంచేటప్పుడా? అంటే చిన్న పళ్లచక్రం నుంచి పెద్దదాని మీదికి ఎక్కేటప్పుడా, పెద్దదాని నుంచి చిన్నదానికి దిగేటప్పుడా? దీని మీదే సగం జవాబు ఆధారపడి ఉంటుంది.

సగంగేరు
అంత గమనించలేదు. ఆలోచిస్తే దిగేటప్పుడే ఎక్కువ. ఒకసారి నొక్కితే దిగదు, రెండోసారి నొక్కితే ఒకేసారి రెండు దిగుతుంది. ఎక్కేటప్పుడు బానే ఎక్కుతుంది.

వానసైకిల్
అయితే నాకొక అనుమానం ఉంది. ముందు గ్రీజుచేతులు చెప్పింది చెయ్యి, తర్వాత చెప్తా.

ఎదురుగాలి
ఇంకోటి. నవ్వకండి. వెనక చక్రం ఫ్రేమ్ గాళ్లలో పూర్తిగా కూర్చుందా? పోయిన ఏడాది నేను పంక్చర్ వేసి చక్రం బిగించాక గేర్లన్నీ తేడా వచ్చాయి. గంటన్నర బ్యారెల్ తిప్పా. చూస్తే ఇరుసు ఒక పక్క పైదాకా పోలేదు. వదులు చేసి, సైకిల్ నేల మీద నిలబెట్టి, సీటు మీద చెయ్యేసి కిందికి నొక్కి మళ్లీ బిగిస్తే అన్నీ వాటంతటవే సరి.

గ్రీజుచేతులు
ఎదురుగాలి చెప్పింది అన్నిటికంటే ముందు చూడాల్సిందే.

సరే, ఇక పని. సైకిల్‌ని తిరగేయకు. వెనక చక్రం గాల్లో లేచేలా సీటుని తాడుతో పైనుంచి వేలాడదీయి. ముందు మధ్య పళ్లచక్రం మీద, వెనక అన్నిటికంటే చిన్నదాని మీద ఉంచే ప్రయత్నం చెయ్యి, షిఫ్టర్, అంటే హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీట, 8లో పెట్టు. డిరెయిలర్ దగ్గర వైరుని పట్టుకున్న బోల్టు 5 మి.మీ. అలెన్ కీతో విప్పి వైరు వదిలేయి. ఇప్పుడు షిఫ్టర్‌కీ డిరెయిలర్‌కీ సంబంధం తెగిపోయింది. ఇది ముఖ్యం. వైరు లాగుతున్నంతసేపూ హెచ్ స్క్రూ ఏం చేస్తోందో మనకి తెలియదు.

వెనక నుంచి, కన్ను పళ్లచక్రాల ఎత్తుకి దించి చూడు. డిరెయిలర్‌లో రెండు చిన్న పుల్లీలుంటాయి కదా, పైదాని గీత చిన్న పళ్లచక్రం బయటి అంచుకి సరిగ్గా కింద ఉండాలి. నీది ఇప్పుడు లోపలికి, చక్రం వైపు ఉంటుంది. హెచ్ స్క్రూ వదులు చేస్తే బయటికి వస్తుంది. ఒక్కోసారి పావు చుట్టే. పెడల్ తిప్పుతూ ఉండు, చైన్ చిన్నదాని మీద చప్పుడు లేకుండా పరిగెత్తితే చాలు.

తర్వాత ఎల్. ముందు చైన్ చిన్నదాని మీద ఉండగానే ఎల్ స్క్రూని రెండు మూడు చుట్లు బిగించెయ్యి, స్పోక్స్ వైపు తలుపు మూసినట్టు. ఇప్పుడు ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో డిరెయిలర్‌ని లోపలికి నెట్టు. వేళ్లు స్పోక్స్‌కి, చైన్‌కి దూరంగా. పెద్దదాని మీదికి ఎక్కదు. పావు పావు వదులు చేస్తూ, ఎక్కేంత మాత్రం వదలాలి. ఎంత గట్టిగా నెట్టినా దాటకూడదు. పుల్లీ పెద్దదానికి నేరుగా కిందికి రావాలి.

ఇది అయ్యాక ఆ రెండు స్క్రూల జోలికి జన్మలో వెళ్లకు.

నట్టూబోల్టూ
స్క్రూడ్రైవర్ సంగతి కూడా చెప్పండి. ఆ స్క్రూలు మెత్తన. సైజు కాని ప్లస్ స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగి గుండ్రమైపోతుంది. చాలావాటిది జపాన్ పద్ధతి ప్లస్ గాడి, మామూలు ఫిలిప్స్ మొన సరిగ్గా దిగదు. కొన్నిటికి 2 మి.మీ. అలెన్ ఉంటుంది.

సైడుస్టాండు
తిరగేస్తే తప్పేంటి? నేను పదేళ్లుగా తిరగేసే చేస్తున్నా.

గ్రీజుచేతులు
సైడుస్టాండు, చేయకూడదని కాదు. హ్యాండిల్ మీద బరువు పడి షిఫ్టర్ దగ్గర ఔటర్ మడతపడుతుంది. తిరగేసి సరిచేసింది నిలబెట్టగానే తేడా వస్తుంది. పైగా కుడి ఎడమ అయోమయం. ఇతనికి ఉన్న అయోమయం చాలు.

సైడుస్టాండు
నాకెప్పుడూ తేడా రాలేదు మరి. సరేలే.

సగంగేరు
చేశా. గంట పట్టింది. చక్రం సరిగ్గానే కూర్చుంది. చిన్నదాని మీద చప్పుడు లేదు, పెద్దది దాటట్లేదు. ఎంత గట్టిగా నెట్టినా గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతోంది, ఎదురుగాలి గోడ అన్నది ఇప్పుడర్థమైంది. వైరు ఇంకా వేలాడుతోంది. తర్వాత?

గ్రీజుచేతులు
శభాష్. ఇప్పుడు బ్యారెల్‌ని లోపలికి పూర్తిగా బిగించి, ఒకటి రెండు చుట్లు వెనక్కి విప్పు. రెండు వైపులా జరుపుకోడానికి చోటుండాలి. షిఫ్టర్ 8లోనే ఉందో లేదో ఇంకోసారి చూడు, సగం మంది తప్పు ఇక్కడే చేస్తారు. వైరు చేత్తో లాగి పట్టుకుని బోల్టు బిగించు. ప్లయర్‌తో వీణ తీగలా లాగొద్దు, జోలు లేకుండా ఉంటే చాలు. బోల్టు కింద వైరు కూర్చునే గాడి ఉంటుంది, అందులోనే పడాలి.

పెడల్ తిప్పుతూ ఒక్క క్లిక్ నొక్కు. రెండోదాని మీదికి ఎక్కకపోతే వైరు వదులు అని. బ్యారెల్‌ని విప్పుతున్న వైపు, గడియారం ముల్లుకి ఎదురుగా, పావు తిప్పు. ఎక్కింది కానీ మూడోదాన్ని రాసుకుంటూ కరకరమంటోందా, వైరు ఎక్కువ బిగుతు అని, ముల్లు తిరిగే వైపు తిప్పు.

నేను వాడే చిట్కా ఇది. చైన్ రెండోదాని మీద ఉండగా కావాలనే బ్యారెల్ విప్పుతూ పోతా, మూడోదాన్ని తాకి కరకర మొదలయ్యేదాకా. అక్కణ్ణుంచి వెనక్కి, కరకర ఆగేదాకా మాత్రమే. ఆగిన చోటే వదిలేస్తా.

పాతలివర్
ఈ క్లిక్కుల గొడవ మాకు లేదు. షిమానో కంపెనీ డ్యూరా-ఏస్ గేర్ల సెట్‌లో క్లిక్ గేర్లు 1984లో వచ్చాయి. దానికి ముందు లివర్ ఎంత జరిపితే అంత. చెవితో విని, కొంచెం దాటించి, కొంచెం వెనక్కి. నా పాత సైకిల్‌కి ఇప్పటికీ అదే. 6 గేర్లున్నా 8 ఉన్నా లివర్‌కి సంబంధం లేదు.

వానసైకిల్
పాతలివర్ గారు నవ్వులాటకి చెప్పినా అసలు విషయం అందులోనే ఉంది. లివర్ రోజుల్లో తేడాని చెయ్యి సర్దుకునేది. ఇప్పుడు షిఫ్టర్ లెక్కగా లాగుతుంది. 8 గేర్ల క్యాసెట్‌లో, అంటే వెనక పళ్లచక్రాల గుత్తిలో, ఒక పళ్లచక్రానికీ పక్కదానికీ దూరం 4.8 మి.మీ. షిమానో 8 స్పీడ్‌లో ఒక క్లిక్‌కి వైరు కదిలేది దాదాపు 2.8. అంటే డిరెయిలర్ వైరు కదలికని 1.7 రెట్లు చేస్తుంది, మంచినీ చెడునీ కూడా. ఔటర్‌లో అర మిల్లీమీటరు ఎక్కడైనా పట్టేస్తే కింద దగ్గర దగ్గర మిల్లీమీటరు తేడా. టకటక రావడానికి అది చాలు.

సగంగేరు
రిపోర్ట్. ఎక్కేటప్పుడు ఎనిమిదీ వెన్నలా ఎక్కుతున్నాయి. దిగేటప్పుడు 4, 5 దగ్గర మళ్లీ అదే మొండితనం. బ్యారెల్ ముల్లు వైపు తిప్పి దిగడం సరిచేస్తే ఎక్కడం పాడవుతోంది. ఎక్కడం సరిచేస్తే దిగడం పాడు. సాయంత్రమంతా ఇదే.

కొండదారి
హ్యాంగర్, అదే డిరెయిలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క, వంగింది. కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

వానసైకిల్
కొండదారి, కళ్లు తెరవండి. హ్యాంగర్ వంగితే ఎక్కినా దిగినా ఒకే గేర్లలో తేడా ఉంటుంది. ఒక చివర సరిచేస్తే రెండో చివర పోతుంది. ఇతనికి ఎక్కడం అంతటా బాగుంది, దిగడమే బద్ధకం. ఎక్కేటప్పుడు మన వేలి బలం లాగుతుంది. దిగేటప్పుడు లాగేది డిరెయిలర్‌లో ఉన్న చిన్న స్ప్రింగ్ ఒక్కటే. వైరు ఔటర్‌లో ఎక్కడో పట్టేస్తోంది, స్ప్రింగ్ గెలవలేకపోతోంది. వెనక డిరెయిలర్‌లోకి వంపు తిరిగి వెళ్లే ఆఖరి ముక్క చూడమనండి. నీళ్లూ మట్టీ చేరేది అక్కడే.

కొండదారి
నా సైకిల్ ఒకసారి కుడి పక్కకి పడింది. నిలబడున్నదే, గాలికి పడింది. అంతే, మూడు గేర్లు పోయాయి. నెల రోజులు బ్యారెల్‌తో కుస్తీ పట్టాక తేలింది హ్యాంగర్ అని. ఫ్రేమ్ పాడవకుండా తను వంగేలా మెత్తటి అల్యూమినియంతో చేస్తారు దాన్ని. అందుకే ముందు దాన్నే అనుమానించమంటా.

ఎదురుగాలి
చూడ్డం తేలికే కదా. వెనక నిలబడి రెండు పుల్లీల గుండా ఒక గీత ఊహించుకోవాలి. అది పళ్లచక్రాలకి సమాంతరంగా ఉందా, కింది పుల్లీ స్పోక్స్ వైపు వాలిందా అని.

నట్టూబోల్టూ
ఇంకా పక్కాగా కావాలంటే డిరెయిలర్ విప్పేసి ఆ రంధ్రంలో ఇంకో సైకిల్ వెనక చక్రాన్ని ఇరుసుతో సహా బిగించండి. చాలావరకు రెండింటి మరా 10 మి.మీ., ఒకటే. రెండు చక్రాల రిమ్ములూ చుట్టూ ఒకే దూరంలో ఉంటే హ్యాంగర్ నిటారు. లేదంటే ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా వంచొచ్చు. అల్యూమినియం కదా, ఒకసారి వంచితే ఓర్చుకుంటుంది, పదే పదే వంచితే పుటుక్కుమంటుంది.

సగంగేరు
పుల్లీలు చూశా, నిటారుగానే ఉన్నాయి. ఇంకో చక్రం బిగించే ధైర్యం లేదు, ఆ సైకిల్ మా అక్కది.

నట్టూబోల్టూ
అక్కకి చెప్పకుండా చెయ్యాలి అలాంటివి.

వానసైకిల్
వైరు పరీక్ష ఇలా చెయ్యి. షిఫ్టర్‌ని 1లో పెట్టి చైన్ పెద్దదాని మీదికి తీసుకురా. పెడల్ ఆపేసి, చైన్ కదలకుండా, షిఫ్టర్‌ని మాత్రం 8 దాకా నొక్కుతూ పో. వైరు వదులవుతుంది. ఫ్రేమ్ మీద ఔటర్ ఆగే చోట్లకి గంటు ఉంటే ఔటర్‌ని అందులోంచి బయటికి తీసి వైరు మీద ముందుకీ వెనక్కీ జరుపు. గరగరా తగిలితే అదే దొంగ.

సగంగేరు
దొరికింది!!

పైనున్న ముక్కలు రెండూ జారుతున్నాయి. ఆఖరి ముక్క వంపు దగ్గర మాత్రం ఇసక మీద లాగినట్టుంది. బోల్టు విప్పి వైరు బయటికి లాగితే, ఔటర్ చివర నుంచి టీ రంగు నీళ్లు రెండు చుక్కలు నేల మీద పడ్డాయి. వైరు మీద చిటికెన వేలంత పొడవున తుప్పు, మధ్యలో ఒక పోగు తెగి ముల్లులా లేచి ఉంది. వేలికి గుచ్చుకుంది కూడా. ఔటర్ చివరి మూత తీసి చూస్తే లోపలి ఉక్కు పోగుల్లో ఒకటి మూత కంత గుండా బయటికి తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ నేను స్క్రూలు తిప్పింది దీనికా!

కొండదారి
సరే, ఒప్పుకున్నా. వైరే.

సైడుస్టాండు
కొంచెం నూనె పోసి ముందుకీ వెనక్కీ ఆడిస్తే సరిపోతుంది. కొత్తది ఎందుకు?

వానసైకిల్
పోగు తెగిన వైరుకి నూనెతో ఏం పని? అది రేపు షిఫ్టర్ లోపల తెగితే, ఆ ముక్క తీయడం ఇంకో టపా అవుతుంది. వైరూ ఔటరూ రెండూ మార్చెయ్.

గ్రీజుచేతులు
మార్చేటప్పుడు గేరు ఔటరే అని అడిగి తీసుకో. బ్రేక్ ఔటర్ పెట్టకు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ బ్రేక్‌ది లోపల స్ప్రింగ్‌లా చుట్టిన తీగ, వంచినప్పుడల్లా పొడవు మారుతుంది, క్లిక్ లెక్క తప్పుతుంది. గేరుది పొడవాటి తీగలు పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది, మామూలుగా 4 మి.మీ. లావు. గేరు ఔటర్‌ని బ్రేక్‌కి పెట్టడం మాత్రం ప్రమాదం, గట్టిగా నొక్కితే ఆ తీగలు పగిలి బయటికొస్తాయి.

పాత ముక్క పక్కన పెట్టుకుని అదే పొడవు కొయ్యి. చిన్నదైతే వంపు ఇరుకై మళ్లీ పట్టేస్తుంది. మామూలు ప్లయర్‌తో నలపొద్దు, పదునైన కేబుల్ కటర్ కావాలి. కోశాక లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది, సూదితో గుండ్రంగా తెరువు. చివర చదునుగా ఆకురాయితో రుద్ది, అప్పుడు మూత తొడుగు.

సైడుస్టాండు
కొత్త ఔటర్‌లో అయినా రెండు చుక్కల నూనె వేస్తే మంచిదే కదా?

వానసైకిల్
నేను వెయ్యను. లోపల ప్లాస్టిక్ పొర జారడానికే ఉంది. నూనె వేస్తే దుమ్ము పట్టి ముద్దవుతుంది.

సైడుస్టాండు
నేను వేస్తా. వానలో తుప్పు పట్టదు.

నట్టూబోల్టూ
ఈ నూనె గొడవ ఇక్కడ తేలదు గానీ సగంగేరుని పని చేసుకోనివ్వండి.

ఎదురుగాలి
చైన్ అరిగిందో లేదో కూడా చూసుకో, నాలుగేళ్లన్నావు. స్కేలు పెట్టి పిన్ను మధ్య నుంచి 24 లింకుల తర్వాత పిన్ను మధ్య దాకా కొలువు. కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మి.మీ. అది 307 దాటితే మార్చే వేళైనట్టే. ఇంకా ఆలస్యం చేస్తే పళ్లచక్రాలూ అరుగుతాయి. అప్పుడు కొత్త చైన్ వేసినా బలంగా తొక్కగానే ఎగిరి పడుతుంది, మళ్లీ గేరు తేడా అనుకుని స్క్రూలు తిప్పుతావు.

సగంగేరు
స్క్రూల మాట ఎత్తకండి. చైన్ 306 వచ్చింది. బతికిపోయా.

ఎదురుగాలి
బతకలేదు, వాయిదా పడింది.

సగంగేరు
వైరు, ఔటర్ మార్చా. పొద్దున కూర్చుని గ్రీజుచేతులు చెప్పిన వరసలోనే, 8లో పెట్టి, బ్యారెల్ రెండు చుట్లు విప్పి. మూడో క్లిక్‌కే అర్థమైంది తేడా. ఇన్నాళ్లూ షిఫ్టర్ నొక్కాలంటే బొటనవేలు నొప్పి పుట్టేది, అది షిఫ్టర్ గట్టిదనం అనుకున్నా. ఇప్పుడు తాకితే పడుతోంది. ఎక్కడం, దిగడం, ఎనిమిదీ. బ్యారెల్ మొత్తం మీద ముప్పావు చుట్టు తిప్పి ఉంటానంతే. ఓ గంట తొక్కొచ్చా, టక్ అన్నది లేదు.

గ్రీజుచేతులు
నాలుగు రోజులు తొక్కాక కొంచెం తేడా వస్తుంది, కంగారు పడకు. వైరు సాగింది అంటారు గానీ ఎక్కువగా ఔటర్ చివరలు మూతల్లో సర్దుకుంటాయి. బ్యారెల్ పావో అరో విప్పితే సరి. స్క్రూలు?

సగంగేరు
ముట్టుకోను. ఒట్టు.

ఒంటిపల్లు
ముందు గేర్లు కూడా మూడున్నాయన్నాడు కదా. వాటికీ రెండు స్క్రూలుంటాయి తెలుసా 😈

గ్రీజుచేతులు
చెప్పకయ్యా బాబూ.

సగంగేరు
ఒక చిన్న సందేహం. అన్నీ బిగించాక నేల మీద బియ్యపుగింజంత అల్యూమినియం గొట్టం ఒకటి మిగిలింది. ఒక పక్క మూసి ఉంది. ఎక్కడిది?

నట్టూబోల్టూ
వైరు కొసకి తొడిగి ప్లయర్‌తో నొక్కే టోపీ. అది లేకపోతే పోగులు విడిపోయి చీపురవుతుంది. రేపు వైరు విప్పాల్సి వస్తే మళ్లీ దూర్చలేవు.

సగంగేరు
ఇప్పటికే రెండు పోగులు విడిపోయాయి. పిక్కకి గీసుకుంది కూడా.

నట్టూబోల్టూ
పోగులు మెలితిప్పిన వైపే వేళ్లతో మెలితిప్పి, టోపీ పెట్టి, ఇవాళే నొక్కు. పిక్కకి మందు రాసుకో.